ఎలుక పెంటికలలో వైరస్‌లు, మన డెల్టా జ్వరాలు

ఎలుక పెంటిక కనబడగానే చీపురు అందుకోవడం మనకు అలవాటు. అదే పెంటికను చిన్న నాళికలోకి తీసి, అతిశీతల పేటికలో భద్రపరచి, అందులోని జన్యుపదార్థాన్ని అక్షరం అక్షరంగా చదివే శాస్త్రజ్ఞులు గడచిన పదిహేనేళ్లుగా ప్రపంచంలో పలుచోట్ల పనిచేస్తున్నారు. ఆ చదువు వలన వందలకొద్దీ కొత్త వైరస్‌లు వెలుగులోకి వచ్చాయి. ఇటువంటి వార్త పత్రికలో వచ్చినప్పుడల్లా పరిచయస్థులు నన్ను రెండు ప్రశ్నలు అడుగుతుంటారు. "మళ్లీ కరోనాలాంటిది రాబోతోందా డాక్టరుగారూ?" అన్నది మొదటిది. "ఎలుక పెంటికలు ఏరడానికి కూడా ఇంత డబ్బు తగలెయ్యాలా?" అన్నది రెండవది. మొదటివారిది భయం, రెండవవారిది నిర్లక్ష్యం. ఈ పరిశోధన ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో తెలియకపోవడమే రెండింటికీ మూలం. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల వంటి ప్రాంతంలో నివసించేవారికి ఈ విషయం దూరపు ముచ్చట కాదని నా అభిప్రాయం. అందుకే కాస్త వివరంగా వ్రాస్తున్నాను.

ముందుగా మన ఎలుకల సంగతి. ఇంగ్లీషు నిఘంటువులలో కనిపించే ‘బాండికూట్’ అన్న మాట మన ‘పందికొక్కు’ నుంచి వెళ్లినదే. తెల్లవారు ఆ మాటను ఆస్ట్రేలియాకు కూడా మోసుకుపోయి, అక్కడ పొట్టసంచిలో పిల్లలను మోసే ఒక జంతువుకు పెట్టారు. దానికీ మన పందికొక్కుకూ చుట్టరికమేమీ లేదు. శాస్త్రీయ నామంలోనూ ఆ తెలుగు మాటే ‘బండికోటా’గా నిలిచింది. డెల్టా వరిచేల గట్లు తొలిచి, దుబ్బులు కొరికి, వెన్నులు కలుగులోకి లాగి దాచుకునేది ప్రధానంగా బండికోటా బెంగాలెన్సిస్ అనే చిన్న పందికొక్కు. దానితోబాటు మెత్తని బొచ్చు గల పొలపు ఎలుక, చిట్టెలుక కూడా ఉంటాయి. సార్వా కోతలయ్యాక గట్లమీదికి, దాళ్వా నాట్లు పడగానే మళ్లీ చేలలోకి, వానలకు నీరెక్కితే ఇళ్లలోకి ఇవి తరలివస్తూ ఉంటాయి. కొల్లేటి చుట్టూ విస్తరించిన చేపల చెరువుల గట్లు వీటికి కొత్త నివాసాలయ్యాయి. చెరువుపక్క పాకలో తవుడు, నూనెచెక్క బస్తాలు పేర్చి, ఆ బస్తాలమీదనే కాపలావాడు నిద్రపోతాడు. తాడేపల్లిగూడెం ఉల్లి గోదాములు, రైసు మిల్లులు సరేసరి.

వ్యవసాయశాఖకు ఎలుక అంటే పంటనష్టం. మారుటేరు వరి పరిశోధనా స్థానం ఎలుకల నివారణపై ఎన్నో ఏళ్లుగా కృషి చేస్తున్నది. బ్రోమోడయోలోన్ ఎరలతో గ్రామాల వారీగా సామూహిక నివారణ జరపడం రైతులందరికీ తెలిసిన సంగతే. ఆరోగ్యశాఖకు ఎలుక గుర్తుకు వచ్చేది ఎక్కడైనా లెప్టోస్పైరోసిస్ అన్న మాట వినబడినప్పుడు. ఈ రెండు శాఖల నడుమ, ఎలుక తన కడుపులో ఏమి మోస్తున్నదో చూసే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది.

ఇక ఆ చూడడం ఎలాగో చెబుతాను. పూర్వం వైరస్‌ను కనిపెట్టాలంటే దాన్ని పెంచాలి. రోగి రక్తాన్నో, జంతువు అవయవపు ముక్కనో చిట్టెలుక పిల్లల మెదడులోకి లేక గాజుపాత్రలో పెరిగే కణాలలోకి ఎక్కించి ఎదురుచూసేవారు. పెరిగేవి కొన్నే, పెరగని వాటి ఉనికి తెలిసేది కాదు. తరువాత పీసీఆర్ పరీక్ష వచ్చింది. అయితే పీసీఆర్‌కు ముందే తెలియాలి, తాను దేనికోసం వెదుకుతున్నదో. ఊరు పేరు తెలిసినవాడికే ఉత్తరం అందినట్లు, జన్యుక్రమం తెలిసిన వైరస్‌నే అది పట్టుకుంటుంది. మూడవ పద్ధతి ఇప్పుడు మనం చెప్పుకుంటున్నది. పెంటికను ఉప్పునీటి ద్రావణంలో కరిగించి, వేగంగా తిప్పే యంత్రంలో వేసి, మడ్డిని వేరుచేస్తారు. పైన తేరిన ద్రవాన్ని బాక్టీరియాలు కూడా దాటలేనంత సన్నని రంధ్రాలు గల వడపోత గుండా పోస్తారు. ఆ తరువాత, విడిగా తేలుతున్న డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ ముక్కలను తినివేసే ఎంజైములను కలుపుతారు. ఎలుక కణాలవీ, చచ్చిన బాక్టీరియాలవీ అయిన ముక్కలు నశిస్తాయి. వైరస్‌ల జన్యువులు మాత్రం తమ మాంసకృత్తుల పెంకులో భద్రంగా ఉంటాయి. చివరికి ఆ పెంకు ఛేదించి, లోపలి అక్షరమాలను యంత్రంతో చదివించి, ఇప్పటివరకు లోకానికి తెలిసిన వైరస్‌ల అక్షరమాలలతో కంప్యూటరులో పోల్చి చూస్తారు. పూర్తిగా సరిపోలితే పాత వైరస్, కొంత పోలితే కొత్త చుట్టం. దేనితోనూ పోలని అక్షరాలు కూడా ఎన్నో మిగులుతాయి.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. ఈ పద్ధతిలో ఎవరూ వైరస్‌ను పెంచనవసరం లేదు. నమూనాను మొదట్లోనే వైరస్‌ను నిర్వీర్యం చేసే ద్రావణంలో వేస్తే, ఆ తరువాత ప్రయోగశాలలో ఉండేది అక్షరాలే తప్ప అంటుకునే పదార్థం కాదు. అసలు ప్రమాదం ఎలుకను పట్టే చోట, దాన్ని ముట్టుకునే చేతులకు ఉంటుంది. ఆ చేతుల సంగతికి మళ్లీ వస్తాను.

2011లో అమెరికాలోని కాలిఫోర్నియా, వర్జీనియా రాష్ట్రాలలో పట్టిన 105 అడవి ఎలుకల, చుంచుల పోలికగల చిన్న ‘వోల్’ జంతువుల పెంటికలను ఈ విధంగా చదివిన ఫలితాలు ప్రచురితమయ్యాయి. పోలియో వైరస్ వంశానికి చెందిన కొత్త సభ్యులు, విరేచనాలు కలిగించే వైరస్‌లకు బంధువులు, మరెన్నో అందులో బయటపడ్డాయి. 2014లో న్యూయార్క్ నగరంలో పట్టిన 133 ఎలుకలలో 18 కొత్త వైరస్‌లు కనబడ్డాయి. పాతవాటిలో సియోల్ హంటావైరస్ కూడా ఉంది. అది మనుషులలో జ్వరం, మూత్రపిండాల దెబ్బ కలిగించగలది. అదే నగరపు ఎలుకలలో హెపటైటిస్ సి వైరస్‌కు దగ్గరి బంధువు ఒకటి దొరికింది. అది మనకు హానికరమని ఇంతవరకు తేలలేదు సరికదా, హెపటైటిస్ సి టీకాకోసం కృషి చేసేవారికి ప్రయోగశాలలో చక్కని నమూనాగా ఉపయోగపడుతున్నది. పెంటికలో దొరికిన ప్రతిదీ శత్రువు కాదనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

మరొక సంగతి. పెంటికలో కనబడే వైరస్‌లన్నీ ఎలుకవి కావు. ఎలుక తిన్న పురుగుల వైరస్‌లు, కొరికిన మొక్కల వైరస్‌లు, దాని పేగులోని బాక్టీరియాలకు పట్టే వైరస్‌లు, ఇవే సింహభాగం. మనుషుల విషయమూ ఇంతే. 2006లో అమెరికా, సింగపూర్ వాసుల మలాన్ని ఇలాగే పరిశీలించినప్పుడు అందులో ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లలో అన్నిటికంటె ఎక్కువగా దొరికినది మిరప మొక్కకు తెగులు తెచ్చే వైరస్! మిరపకాయలతో చేసిన తిండి నుంచి వచ్చి, ఎవరికీ ఏ జబ్బూ చేయకుండా బయటికి పోతుందది. పచ్చళ్లు తినే మన జిల్లాలో పరిశీలిస్తే అది ఏ స్థాయిలో ఉంటుందో ఊహించుకోండి. నీటిలో మానవ మలం కలిసిందా లేదా అని తేల్చడానికి ఇప్పుడు కొన్ని దేశాలలో ఆ మిరప వైరస్‌నే ఆనవాలుగా వాడుతున్నారు. కనుక "ఎలుకలలో ఇన్ని వైరస్‌లు" అన్న శీర్షిక చూసి కంగారుపడనవసరం లేదు. జాబితాలో పేరుండడం వేరు, రోగం కలిగించడం వేరు.

అయితే జాబితా ఎందుకు? దీనికి నా సమాధానం ఒక కాలేయ రోగి కథ. 2010లో జర్మనీ శాస్త్రజ్ఞులు హాంబర్గ్ నగరపు ఎలుకల పెంటికలలో హెపటైటిస్ ఈ వైరస్‌ను పోలిన కొత్త వైరస్‌ను కనుగొన్నారు. మనుషులకు వచ్చే హెపటైటిస్ ఈకి అది చాలా దూరపు బంధువు. మనిషికి సోకదనే ఎక్కువమంది భావించారు. 2017లో హాంకాంగ్‌లో కాలేయమార్పిడి జరిగిన 56 ఏళ్ల వ్యక్తికి కాలేయ పరీక్షలు సరిగా రాలేదు. రక్తంలో హెపటైటిస్ ఈ ప్రతిరక్షకాలు కనబడ్డాయి గాని మామూలు పీసీఆర్‌లో ఆ వైరస్ దొరకలేదు. వైద్యులు అక్కడితో వదిలిపెట్టక, వైరస్ వంశమంతటికీ వర్తించే పరీక్షతో వెదికి, దొరికిన జన్యుక్రమాన్ని చదివారు. అది ఎలుకల హెపటైటిస్ ఈ. ఆ రోగి ఇంటి దగ్గరి చెత్తగదిలో ఎలుక పెంటికలు కూడా కనబడ్డాయి. రైబావిరిన్ మందుతో అతనికి నయమైంది. ఆ సంగతి 2018లో లోకానికి వెల్లడైంది. తరువాత హాంకాంగ్‌లోనూ ఇతర దేశాలలోనూ మరికొందరు రోగులు బయటపడ్డారు.

ఎనిమిదేళ్లనాటి పెంటికల జాబితా లేకపోతే ఆ వైద్యులకు పోల్చుకునేందుకు ఏముండేది? ‘కారణం తెలియని కాలేయవ్యాధి’ అని చీటీపై వ్రాసి, అవయవ తిరస్కరణ అనుకొని, రోగనిరోధకశక్తిని ఇంకా తగ్గించే మందులు పెంచి ఉండేవారేమో. అప్పుడు వైరస్ మరింత విజృంభించేది. ఇక్కడే చిన్న హెచ్చరిక: మన పట్టణాలలో వానాకాలంలో గుంపుగా వచ్చే పచ్చకామెర్లకు కారణం ఎలుక కాదు. మనుషులలో మాత్రమే తిరిగే హెపటైటిస్ ఈ, హెపటైటిస్ ఏ వైరస్‌లు మురుగుకాలువ నీరు మంచినీటి గొట్టంలో కలవడం వలన వ్యాపిస్తాయి. గర్భిణులకు హెపటైటిస్ ఈ ప్రాణాంతకం. ఎలుకమీదికి నేరం నెట్టి మున్సిపాలిటీ పైపులను మరచిపోవడం నాకు ఇష్టం లేదు.

పాత జాబితా అక్కరకు రావడమన్నది మన తెలుగువారికి కొత్త అనుభవం కూడా కాదు. 2003 వేసవి చివర, వానలు మొదలైన రోజులలో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలు ఉదయం జ్వరంతో మొదలై రాత్రికి స్పృహతప్పి పోయేవారు. నమోదైన 329 మంది పిల్లలలో 183 మంది మరణించారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఆ నమూనాలనుండి చాందీపురా వైరస్‌ను వేరుచేసింది. ఆ వైరస్ 1965లోనే నాగపూరులోని చాందీపురాలో జ్వరరోగుల రక్తంలో దొరికి, పేరుపెట్టించుకొని, దాదాపు నాలుగు దశాబ్దాలు ఎవరూ పట్టించుకోని జాబితాలో పడి ఉంది. ఆ మరణాలకు అదే కారణమన్న నిర్ణయంతో ఏకీభవించని వైద్యులూ లేకపోలేదు. మెదడు రక్తనాళాల దెబ్బ అని వారు వాదించారు. ఆ వాదన జరగడానికైనా ఒక పేరు, ఒక జన్యుక్రమం చేతిలో ఉన్నాయి. ఇసుక ఈగలను నివారించాలన్న ఆదేశం దాని వలననే వచ్చింది.

మన జిల్లా రోగులు రైలెక్కి వెళ్లే వేలూరులో 1964లో మరొకటి జరిగింది. మెదడువాపు వ్యాధి సర్వేలో భాగంగా అక్కడి తొట్టపాళయంలో పట్టిన ఒక చుంచునుండి ఒక వైరస్‌ను వేరుచేసి, ఊరి పేరే పెట్టారు. (చుంచెలుక అంటాము గాని అది ఎలుకజాతి కాదు, పురుగులు తినే వేరే జంతువు.) అది ఏ వంశానిదో అప్పుడు తేలలేదు. 1970లలో కొరియాలో హో వాంగ్ లీ పొలపు ఎలుక ఊపిరితిత్తులలో హంటావైరస్ జాడ కనిపెట్టిన తరువాత, 1980లలో, వేలూరు వైరస్ కూడా ఆ వంశానిదేనని తెలిసింది. లోకంలో మొట్టమొదట వేరుచేయబడిన హంటావైరస్ మన పొరుగున దొరికినదన్నమాట! దాన్ని భద్రపరిచారు కనుక తరువాత చదువుకోగలిగాము. 1993లో అమెరికా నైరుతి రాష్ట్రాలలో ఆరోగ్యవంతులైన యువకులు ఊపిరాడక మరణించినప్పుడు, అది అక్కడి ఎలుకల హంటావైరస్ అని కొద్ది వారాలలో తేల్చగలిగారంటే, కొరియా పొలపు ఎలుకలపై అంతకుముందు జరిగిన పని చేతికి అందడమే కారణం.

ఇప్పుడు ఏలూరుకు వస్తాను. 2020 డిసెంబరు మొదటి వారాంతం మన ఊరివారెవరూ మరువలేరు. కరోనా మధ్యలో, ఉన్నట్టుండి మనుషులు మూర్ఛలతో, వాంతులతో, నోట నురగతో పడిపోసాగారు. ప్రభుత్వ ఆసుపత్రి మంచాలు నిండిపోయాయి. ఆరువందలకు పైగా బాధితులు. ఎక్కువమంది గంటలలో లేక ఒకటి రెండు రోజులలో కోలుకున్నారు. కరోనా, మెదడువాపు, డెంగీ వంటివి కావని పరీక్షలు చెప్పాయి. నమూనాలు ఢిల్లీకి, హైదరాబాదుకు, పుణెకు వెళ్లాయి. రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయని ఢిల్లీ ఎయిమ్స్ తెలిపింది. చివరికి నిపుణ సంస్థల నివేదికలు పురుగుమందుల అవశేషాలవైపు వేలు చూపాయి. అవి శరీరాలలోకి ఏ మార్గాన చేరాయన్నది అందరి సందేహమూ తీరేలా తేలలేదు.

ఎలుకల వ్యాసంలో దీన్ని ఎందుకు చెబుతున్నానని అడుగుతారేమో. కారణముంది. ఆనాడు అందరినీ పీడించినది యంత్రాల కొరత ఒక్కటే కాదు. పోల్చుకోవడానికి పూర్వపు లెక్క లేకపోవడం. మామూలు రోజులలో ఏలూరువాసి రక్తంలో సీసమెంత? మామూలు రోజులలో కుళాయినీటిలో, కూరగాయలలో పురుగుమందెంత? సాధారణ స్థితి తెలియనప్పుడు అసాధారణం అన్న మాటకు అర్థం ఉండదు. సూక్ష్మజీవుల విషయంలోనూ అదే కథ. రేపు కొల్లేటి గ్రామాలలో వింతజ్వరం ఒకటి వస్తే, అప్పటికప్పుడు ఎలుకలను పట్టి, అందులో ఒక కొత్త వైరస్‌ను చూసి "ఇదే దోషి" అని ప్రకటించే ప్రమాదం ఉంది. అది వందేళ్లుగా ఎవరి జోలికీ పోకుండా పందికొక్కు పేగులో నివసిస్తున్నదేమో! ముందే చదివి పెట్టుకున్న జాబితా మనకు దోషిని చూపించడమే కాదు, నిర్దోషిని వదిలిపెట్టడానికి కూడా కావాలి.

దీనికి ప్రతివాదం ఉంది, బలమైనదే. అమెరికా ప్రభుత్వ సహాయంతో 2009లో మొదలైన ‘ప్రిడిక్ట్’ పథకం ఎన్నో దేశాలలో జంతువులను పరిశీలించి దాదాపు వెయ్యి కొత్త వైరస్‌లను నమోదు చేసింది. కరోనాను మాత్రం ముందుగా చెప్పలేకపోయింది. అంతకుముందే, 2018లో, ఎడ్వర్డ్ హోమ్స్, ఆండ్రూ రాంబాట్, క్రిస్టియన్ ఆండర్సన్ అనే ముగ్గురు వైరస్ శాస్త్రజ్ఞులు ‘నేచర్’ పత్రికలో దాదాపు ఇదే వ్రాశారు: జంతువులలో వైరస్‌లను లెక్కబెట్టి మహమ్మారులను ఊహించలేము, ఆ ధనాన్ని మనుషులలో వచ్చే రోగాలను వెంటనే పట్టే నిఘాపై వెచ్చించండి అని. వారి మాటలో సగంకంటె ఎక్కువే నాకు సమ్మతం. జోస్యానికి ఈ విద్య పనికిరాదు. కాని జోస్యం వేరు, రోగనిర్ధారణకు తోడు వేరు. హాంకాంగ్ రోగికి దక్కినది జోస్యం కాదు, పోలిక.

మరి మన ప్రాంతంలో జ్వరం వచ్చినవారికి దక్కుతున్నదేమిటి? ఇది చెప్పడానికే ఈ వ్యాసం వ్రాశానంటే తప్పులేదు. 1994-95లో తెల్లమచ్చల వైరస్ మన తీరపు రొయ్యల చెరువులను తుడిచిపెట్టిన తరువాత ఆక్వా రైతులు పాఠం నేర్చుకున్నారు. భీమవరం, కైకలూరు ప్రాంతాలలో రొయ్యపిల్లను చెరువులో వదిలేముందు పీసీఆర్ పరీక్ష చేయిస్తారు. కరోనాకు ఎన్నో ఏళ్లముందే పీసీఆర్ అన్న మాట చెరువుగట్టు మీద వినబడేది. ఆ చెరువులో మోకాలిలోతు నీటిలో దిగి పనిచేసే కూలికి వారం రోజులు జ్వరం వస్తే? సందులోని ల్యాబులో ఒక వైడాల్ పరీక్ష, "టైఫాయిడ్ పాజిటివ్" అన్న చీటీ, సెలైను, రెండు రకాల యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు. మన వంటి ప్రాంతంలో ఒక్కసారి చేసిన వైడాల్ పరీక్షను నమ్మి టైఫాయిడ్ నిర్ధారించరాదని వైద్యవిద్యార్థులకు మేము చెప్పే పాఠమే. అయినా ఆ చీటీ రాజ్యమేలుతున్నది. రొయ్యపిల్లకు ఉన్న శాస్త్రీయ గౌరవం మనిషి జ్వరానికి లేదన్నది నాకు బాధ కలిగించే విషయం.

ఆ కూలికి వచ్చినది లెప్టోస్పైరోసిస్ కావచ్చు. అది వైరస్ కాదు, ఎలుక మూత్రంలో విసర్జితమై నిలవనీటి ద్వారా కాలి పగుళ్లలోంచి ప్రవేశించే బాక్టీరియా. లేక స్క్రబ్ టైఫస్ కావచ్చు. ఎలుకలమీద బ్రతికే అతిచిన్న నల్లుల పిల్లలు కుట్టడం వలన వచ్చే జబ్బు అది. కుట్టినచోట సిగరెట్టు కాల్చినట్లు నల్లని పొక్కు ఏర్పడుతుంది. రెండింటికీ డాక్సీసైక్లిన్ అనే చవకైన మాత్ర పనిచేస్తుంది, సకాలంలో ఇస్తే. ఆలస్యమైతే మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతిని రోగి ఐసీయూ చేరతాడు. కుటుంబం అప్పుల పాలవుతుంది. తెలిసిన ఎలుక జబ్బులనే గుర్తించలేని చోట తెలియని వైరస్‌ల వేట ఏమిటని మీరు నిలదీస్తే, న్యాయమైన ప్రశ్నే అంటాను. నా కోరిక కూడా ఆ క్రమంలోనే ఉంది. మొదట ప్రతి ప్రాంతీయ ఆసుపత్రిలో లెప్టో, స్క్రబ్ టైఫస్, డెంగీ, మలేరియాలకు నమ్మదగిన పరీక్షలు ఉండాలి. అవన్నీ లేవని తేలిన జ్వరాల రక్తనమూనాలను పారేయకుండా, రోగి అనుమతితో, శీతలపేటికలో దాచాలి. వాటికి జతగా, అదే గ్రామాల ఎలుకల పెంటికలను చదవాలి. రోగి రక్తంతో జతపడని పెంటికల జాబితా పత్రికా వార్తకు పనికివస్తుంది గాని వైద్యానికి పనికిరాదు.

దీనికి ఆకాశహర్మ్యాలు అక్కరలేదు. వ్యవసాయశాఖ సామూహిక నివారణలో ఎలుకలు ఎలాగూ చిక్కుతున్నాయి. ఏలూరులో ప్రభుత్వ వైద్యకళాశాల 2023లో మొదలైంది. హైదరాబాదులో సీసీఎంబీ వంటి సంస్థకు జన్యుక్రమాలు చదవడం నిత్యకృత్యం. పంటకోతల వేళ ఏడాదికి రెండుసార్లు, వరదల తరువాత మరొకసారి, పొలం, చెరువుగట్టు, గోదాము, పట్టణపు మురుగుకాలువ, ఈ నాలుగు చోట్లనుండి నమూనాలు తీస్తే కొన్నేళ్లకు మనకంటూ ఒక లెక్క ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఆ నీరంతా చేరవలసినది కొల్లేటికే. కలుగులు మునిగిన ఎలుకలు ఎక్కడికి పోతాయి? మనం తలదాచుకునే మెరకమీదికే. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు కోళ్లలో బర్డ్‌ఫ్లూను నిర్ధారించడానికి నమూనాలు భోపాల్ వెళ్లవలసివచ్చింది. అత్యున్నత నిర్ధారణకు అది అవసరమే. మొదటి అనుమానమైనా మన దగ్గర తీరే ఏర్పాటు ఉండాలి కదా.

ఇందాక చేతుల సంగతి అన్నాను. మన పల్లెలలో ఎలుకలను బుట్టలు పెట్టి, కలుగులు తవ్వి పట్టేవారు యానాది, ఎరుకల కుటుంబాలవారు. రైతు పిలిస్తే వస్తారు, పట్టిన ఎలుకకు ఇంత అని తీసుకుంటారు, పొలపు ఎలుకలను వండుకునే అలవాటు కూడా కొందరికి ఉంది. దాన్ని చూసి ముక్కు మూసుకునేవారు, ఆ చేతులే తమ ధాన్యాన్ని కాపాడుతున్నాయని గుర్తించాలి. ఎలుకల సూక్ష్మజీవులకు అందరికంటె ముందు ఎదురయ్యేది వారే. ఏ పరిశోధన మొదలైనా మొదటి ఖర్చు వారికి చేతితొడుగులు, బూట్లు. మొదటి పరీక్ష వారి జ్వరానికి. నమూనాలు తీసుకొని ఫలితం చెప్పకుండా వెళ్లిపోయే పరిశోధనను నేను సమర్థించను. ఫలితాన్ని తెలుగులో, ఊరి రచ్చబండ దగ్గర చెప్పాలి.

ప్రభుత్వం చేసేలోగా మీరు చేయగలిగినవి కొన్ని. గోదాము, ధాన్యపు గాదె, చాలాకాలం మూసిన గది తెరిచినప్పుడు వెంటనే ఊడవకండి. తలుపులు, కిటికీలు తీసి అరగంట బయట ఉండండి. ఎండిన పెంటికలను పొడి చీపురుతో ఊడిస్తే ఆ ధూళి నేరుగా ఊపిరితిత్తులలోకి పోతుంది. హంటావైరస్ వంటివి సోకే మార్గం అదే. బజారులో దొరికే ద్రవరూప బ్లీచ్ ఒక పాలు, నీరు తొమ్మిది పాళ్లు కలిపి పెంటికలపై చల్లి, అయిదు నిమిషాలు నాననిచ్చి, చేతితొడుగులతో పాతగుడ్డతో తీసి, సంచిలో కట్టి పారవేయండి. ఆ బ్లీచ్‌లో యాసిడ్ కలపరాదు, విషవాయువు పుడుతుంది. చచ్చిన ఎలుకను తోకపట్టి కాలువలో విసరడం మానండి. తవుడు బస్తాలమీద పడుకునే కాపలాదారుకు ఒక మంచం వేయించండి, బస్తాలను బల్లలమీదికి ఎత్తించండి. కాళ్లకు పగుళ్లు, పుండ్లు ఉన్నవారు వరదనీటిలో, చేలో దిగవలసివస్తే రబ్బరు బూట్లు తప్పనిసరి.

జ్వరం మూడు రోజులు దాటితే వైద్యుని దగ్గర మీ పని సంగతి కూడా చెప్పండి. కోతకు వెళ్లానని, చెరువులో దిగానని, కలుగులు తవ్వానని, గోదాము ఊడ్చానని, వారు అడగకపోయినా మీరే చెప్పండి. చంకలలో, గజ్జలలో, నడుము మడతలలో, చెవి వెనుక నల్లని పొక్కు ఉన్నదేమో ఇంట్లోవారిచేత చూపించుకొని వెళ్లండి. అది సాధారణంగా నొప్పి పెట్టదు కనుక మీకై మీకు తెలియదు.